ఇన్‌ఛార్జి భర్త

మా వెదుళ్ళపురం పురపాలక సంఘంలో ఆడవాళ్ళకు జరిగే మర్యాద ఇంకే ఊళ్ళోనూ జరగదని ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెట్టి చెప్పగలను. నా పేరు యడవల్లి సదాశివరావు. ఈ ఆఫీసులో మేనేజర్ని. ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసులో నా చేతి మీదుగా వెళ్ళిన ఏ ఫైలులోనూ ఒక్క గడి ఖాళీగా పోలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా చైర్‌పర్సన్ పదవి వరసగా మూడుసార్లు మహిళలకే రిజర్వయింది. మొదటి చైర్‌పర్సన్ కోటిలింగం గారి భార్య. ఆవిడ పేరు రికార్డుల్లో ఉంటుంది, కావాలంటే వెతికి చెబుతాను. కోటిలింగం గారు మొదటి రోజే వచ్చి చైర్‌పర్సన్ కుర్చీలో కూర్చుని, "మా ఆడోళ్ళకి ఇయ్యన్నీ ఏం తెలుస్తయ్యయ్యా, ఫైళ్ళు ముందు నాకు చూపించండి" అన్నారు. చూపించాం. అయితే ఆయన చూసినట్టు కాగితం మీద రుజువేదీ? రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? అప్పుడే కొత్తగా మేనేజరునైన నేను చొరవ తీసుకుని నోట్ ఫారం తిరగ రాయించి అచ్చు వేయించాను. మొదటి గడి గుమాస్తాది, రెండోది మేనేజరుది, మూడోది ఇంజనీరుది, నాలుగోది కమిషనర్‌ది. ఐదో గడిలో 'చైర్‌పర్సన్ గారి భర్త గారి ఆదేశములు'. ఆరో గడిలో చైర్‌పర్సన్ సంతకం. ఆవిడ పుట్టింటికి వెళ్ళినప్పుడు పనులు ఆగకూడదు గనక ఆ సంతకం కూడా భర్తగారే పెట్టేసేవారు. పదేళ్ళుగా ఇదే ఫారం. జిల్లా నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా దీన్ని చూసి, ఇంత స్పష్టత ఎక్కడా చూడలేదని మెచ్చుకుని వెళ్ళారు.

కౌన్సిల్ సమావేశాల సంగతీ అంతే. ఇరవై ఏడు మంది సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు. సమావేశం రోజున వాళ్ళ భర్తలు వచ్చి వాళ్ళ వాళ్ళ సీట్లలో కూర్చుంటారు. సభ్యురాళ్ళ కోసం పక్కనే 'మహిళా సభ్యుల విశ్రాంతి మందిరం' కట్టించాం. ఫ్యాన్లున్నాయి, టీవీ ఉంది, నాలుగింటికల్లా వేడివేడి పకోడీలు వెళతాయి. హాజరు పట్టీ కూడా మేమే పంపి సంతకాలు చేయించుకుంటాం. హాల్లోకి వచ్చి ఆ అరుపుల మధ్య కూర్చోవలసిన కష్టం వాళ్ళకు ఏనాడూ కలగనివ్వలేదు.

ఇంత సజావుగా నడుస్తున్న ఆఫీసులోకి నూతక్కి కుసుమకుమారి గారు వచ్చారు.

ఈసారి ఎన్నికల్లో రెండు వర్గాలకూ సరిగ్గా చెరో పదమూడు సీట్లు వచ్చాయి. ఒకరి మనిషిని ఇంకొకరు చచ్చినా ఒప్పుకోరు. చివరికి ఏ వర్గంలోనూ లేని పద్నాలుగో వార్డు సభ్యురాలైన ఈవిణ్ణి చైర్‌పర్సన్‌గా ఎన్నుకున్నారు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఇరవై ఆరేళ్ళు నర్సుగా పనిచేసి, ఉద్యోగం మానుకుని పోటీ చేశారు. నెమ్మదస్తురాలు, ఎవరి పనికీ అడ్డురాదు అనుకున్నారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదన్న సంగతి మాత్రం ఒక్కరి బుర్రకూ తట్టలేదు.

ప్రమాణ స్వీకారం రోజున ఆవిడ స్కూటీ మీద ఒక్కరే వచ్చారు. మా కమిషనర్ పరంధామయ్య గారు పూలదండ పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డారు. ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడినా దండ వెయ్యకుండా ఆవిడ భుజం మీదుగా గేటు వైపే చూస్తున్నారు.

"సారు వెనకాల కార్లో వస్తున్నారా మేడమ్?"

"ఏ సారు?"

"అదేనండీ, మన సారు."

"మన సారెవరండీ? నాకు పెళ్ళి కాలేదు."

కమిషనర్ గారు నావైపు చూశారు. ఇటువంటి సందర్భంలో దండ ఎవరికి వెయ్యాలో నియమావళిలో లేదు. కాసేపు ఆలోచించి దాన్ని లోపలికి తీసుకెళ్ళి గోడ మీది పటానికి వేశాం.

ఆవిడ గదిలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. కూరగాయల మార్కెట్‌లో ఆడవాళ్ళ కోసం మరుగుదొడ్లు కట్టించాలని అర్జీ. కింద నూట ఎనభై మంది సంతకాలు, వేలిముద్రలు.

"ఇదే మొదటి ఫైలు సదాశివరావు గారూ. వీళ్ళు తెల్లవారుజామున వచ్చి పొద్దుగూకే దాకా అక్కడే కూర్చుంటారు. గుక్కెడు నీళ్ళు తాగరు. తాగితే వెళ్ళాలిగా, వెళ్ళటానికి చోటేదీ? ఒక్కొక్కళ్ళకీ మూత్రంలో మంట, నడుం నొప్పి, జ్వరం. ఇరవై ఆరేళ్ళు వాళ్ళకి మాత్రలు ఇచ్చీ ఇచ్చీ నాకే రోతపుట్టింది. నేను ఎన్నికల్లో నిలబడింది ఈ ఒక్క పని కోసం. ఇది అయిపోతే నన్ను దింపేసినా బాధ లేదు."

ఫైలు పెట్టాను. గుమాస్తా గడి నిండింది, నా గడి నిండింది, ఇంజనీరు, కమిషనర్ గడులు నిండాయి. నాలుగు రోజుల్లో నాలుగు గడులు. మా ఆఫీసు చరిత్రలో అంత వేగం లేదు. ఐదో గడి దగ్గరికి వచ్చి ఫైలు ఆగిపోయింది.

ఫైలు పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"ఐదో గడి ఖాళీగా ఉంది మేడమ్."

"ఖాళీగానే ఉండనివ్వండి. ఇలా ఇవ్వండి, సంతకం పెడతాను."

"ఐదు నిండకుండా ఆరుకు వెళ్ళకూడదండి."

"అయితే ఆ గడి కొట్టేద్దాం."

"కొట్టివేతలున్న ఫారం చెల్లదు మేడమ్. వెనక్కి పంపుతారు."

"మరేం చెయ్యమంటారయ్యా?"

"రెండో చైర్‌పర్సన్ గారికి మధ్యలో భర్త పోయారండి. అప్పుడు మరిది గారిని పెట్టాం. ఒక్కరోజు కూడా ఫైళ్ళు ఆగలేదు. తమరికి తమ్ముళ్ళూ, మేనమామలూ, కనీసం పెదనాన్న కొడుకులూ..."

"ఎవరూ లేరు. నేనున్నాను. చాలదా?"

చాలదని ఆవిడ మొహం మీద చెప్పలేకపోయాను. పరిశీలిస్తాం అన్నాను. మా ఆఫీసులో చాలదు అనటానికి అదే మర్యాదైన పద్ధతి.

కమిషనర్ గారు జిల్లాకు లేఖ రాశారు. 'గౌరవ చైర్‌పర్సన్ వారు అవివాహితులగుట వలన పాలనాపరమైన శూన్యత ఏర్పడినదని, తత్సంబంధముగా తగు మార్గదర్శకములు అనుగ్రహింపవలసినదని' ఆ లేఖ సారాంశం. రెండు నెలల తర్వాత జవాబు వచ్చింది. అది చదివితే పెద్దవాళ్ళు పెద్దవాళ్ళెందుకయ్యారో తెలుస్తుంది.

'భర్త లేమి కారణముగా మహిళా సాధికారతకు విఘాతము కలుగరాదు. ఖాళీగా ఉన్న స్థానమును అర్హుడైన సిబ్బందికి పూర్తి అదనపు బాధ్యతలుగా అప్పగించి, సమ్మతి నివేదిక పంపవలెను.'

అర్హుడైన సిబ్బంది అంటే ఎవరు? కమిషనర్ గారు పై అధికారి, కుదరదు. ఇంజనీరు గారి మీద ఎంక్వయిరీ నడుస్తోంది. మిగిలింది నేను. ఆ సాయంత్రమే ఉత్తర్వులు చేతికిచ్చారు. 'శ్రీ యడవల్లి సదాశివరావు, మేనేజరు, తన విధులకు అదనముగా గౌరవ చైర్‌పర్సన్ వారి భర్త బాధ్యతలను తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు నిర్వహించవలెను. సదరు బాధ్యతలు పనిదినములలో ఉదయం పదిన్నర నుండి సాయంత్రం ఐదు వరకు, భోజన విరామము మినహా, అమలులో ఉండును. ఇందువలన సీనియారిటీ గాని, మరే ఇతర హక్కులు గాని సంక్రమింపవు.'

కాగితం ఇంటికి తెచ్చి మా ఆవిడ హైమావతి చేతికిచ్చాను. దాచిపెట్టే అలవాటు నాకు లేదు. ఆవిడ అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"పెళ్ళయి ఇరవయ్యేడేళ్ళయింది. ఈ పోస్టులోనే మీకు నేనింకా ప్రొబేషన్ డిక్లేర్ చెయ్యలేదు. మళ్ళీ అదనపు బాధ్యతలా?"

"ప్రభుత్వం పని హైమా. కాదనటానికి లేదు."

"సరే, దీనికి ఆవిడేమంది?"

"ఆవిడ అభిప్రాయానికి ఉత్తర్వుల్లో చోటు లేదు."

హైమావతి కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "ఛీ! సిగ్గు లేకపోతే సరి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అది నన్నన్నదో, ప్రభుత్వాన్నన్నదో ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు పదిన్నరకు బాధ్యతలు స్వీకరించాను. చైర్‌పర్సన్ గదిలో భర్తగారి కోసం వేసిన పెద్ద కుర్చీలో కూర్చున్నాను. కుసుమకుమారి గారు కిటికీ పక్కన మామూలు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నిజం చెప్పొద్దూ, ముప్పయ్యొక్క ఏళ్ళలో నేను గదిలోకి వస్తే లేచి నిలబడ్డవాడు లేడు. ఆ రోజు ఇంజనీరు లేచి నిలబడ్డాడు. శానిటరీ ఇన్‌స్పెక్టరు నా కోసం అరటిపళ్ళు తెచ్చాడు. వచ్చినవాళ్ళందరూ ఆవిడకు నమస్కారం పెట్టి, పని మాత్రం నాకు చెప్పుకున్నారు. ఒక కాంట్రాక్టరు నా భుజం మీద శాలువా కప్పి, "మీరు రావటం ఆడపడుచులందరికీ గౌరవం సార్" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

మార్కెట్ ఫైలు నా ముందుకొచ్చింది. మేనేజరుగా రెండో గడిలో 'అత్యవసరం, ఆమోదించవచ్చు' అని నేనే రాశాను. అయితే భర్తగా చూసేసరికి నాకే కొన్ని సందేహాలు కలిగాయి. కుర్చీ మహిమ కాబోలు. 'స్త్రీలు సాయంత్రము వరకు ఆగలేరా? ఇంటి నుండియే వెళ్ళి రావచ్చును గదా? మేనేజరు వివరణ ఇవ్వగలరు' అని ఐదో గడిలో రాసి ఫైలు వెనక్కి పంపాను. మధ్యాహ్నం నా సీటుకు వెళ్ళి, మేనేజరుగా దానికి వివరణ రాశాను. ఆ వివరణ భర్తగా నాకు తృప్తి కలిగించలేదు. ఇలా నాలుగు రోజుల్లో మూడుసార్లు నాకు నేనే ఫైలు పంపుకున్నాను. మూడోసారి కాస్త ఘాటుగానే రాయవలసి వచ్చింది.

ఐదో రోజున కుసుమకుమారి గారు కిటికీ దగ్గర్నుంచి లేచి వచ్చి, ఫైలు నా చేతిలోంచి లాక్కున్నారు.

"సాయంత్రం దాకా ఆగలేరా అని రాశారా? మీరు? మనిషేనా మీరసలు? పదండి నాతో."

"ఎక్కడికి మేడమ్?"

"క్షేత్ర పరిశీలనకి. రేపు పొద్దున ఐదింటికి మార్కెట్ దగ్గరుండండి. బాధ్యతలు పదిన్నరకి మొదలవుతాయని మాత్రం అనకండి."

సరిగ్గా అదే అనబోతున్నాను.

మర్నాడు మార్కెట్‌లో వంకాయలమ్మే మస్తానమ్మ పక్కన నాకు గోనెపట్టా వేశారు. మస్తానమ్మకు అరవై ఏళ్ళుంటాయి. ఎండకు నల్లబడిన మొహం, నోట్లో వక్క. కుసుమకుమారి గారు ఆరింటికి నాకు టీ తెప్పించారు. ఏడింటికి ఇంకో టీ. ఎనిమిదింటికి పెద్ద గ్లాసు మజ్జిగ, తొమ్మిదింటికి ఇంకోటి. చైర్‌పర్సన్ స్వయంగా ఇస్తుంటే కాదనటం పద్ధతి కాదని తాగాను.

"నువ్వూ తాగమ్మా" అన్నాను మస్తానమ్మతో.

"నేను తాగితే ఎట్టాగయ్యా? తెల్లారుజామున ఇంటికాడ్నే పోయొస్తా. మళ్ళా పొద్దుగూకినాకే. ముప్పయ్యేళ్ళ నుంచీ ఇంతే. మొన్నొకపాలి ఆగలేక ఆ లారీల సందులోకి పోతే, ఆడెవడో ఈల ఏశాడు. అరవయ్యేళ్ళ ముసిల్దాన్ని, నా మానం తీశాడు ఎదవ. అప్పట్నుంచీ నోరు తడుపుకోటానిక్కూడా బయమే."

పది దాటాక నాకు కూర్చోవటం కష్టమైంది. లేచాను.

"ఎక్కడికి?" అన్నారు కుసుమకుమారి గారు.

"అలా ఆ గోడ దగ్గరికి..."

"కూర్చోండి. ఇవాళ మీకు గోడ లేదు."

కూర్చున్నాను. భర్త పదవిలో ఇటువంటి విధి ఉంటుందని ఉత్తర్వుల్లో ఎక్కడా రాయలేదు. పదకొండయింది. చెమటలు పట్టాయి. వంకాయలు రెండేసి కనిపిస్తున్నాయి. పన్నెండింటికి ఎవరో వచ్చి ఏదో పన్ను గురించి అడిగితే వాణ్ణి తిట్టాను. ఒంటిగంటకు దణ్ణం పెట్టాను. ఆవిడకు కాదు, మస్తానమ్మకు. "పోనియ్యమ్మా, సచ్చిపోయేట్టున్నాడు" అని ఆవిడే సిఫారసు చేసింది. గోడ దాకా ఎలా పరిగెత్తానో నాకు గుర్తు లేదు.

తిరిగి వచ్చేసరికి నాకు సిగ్గేసింది. ముప్పయ్యేళ్ళ పాటు ఇలా! మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఈ మార్కెట్ కనిపిస్తుంది. నేరుగా ఆఫీసుకు వెళ్ళి ఐదో గడిలో 'ఆమోదించడమైనది' అని రాసి, గట్టిగా నొక్కి సంతకం పెట్టాను.

సిరా ఆరకముందే కోటిలింగం గారి ఫిర్యాదు వచ్చింది. ఆయన ఇప్పుడు ఏడో వార్డు సభ్యురాలి భర్త. ఇన్‌ఛార్జి భర్తకు రోజువారీ వ్యవహారాలే తప్ప కొత్త పనులు మంజూరు చేసే అధికారం లేదనీ, పైగా సదరు సదాశివరావు ఇదివరకే వేరొక చోట భర్తగా పూర్తికాలపు విధుల్లో ఉన్నాడనీ, రెండు చోట్ల పనిచేయటం నియమ విరుద్ధమనీ అందులో ఉంది. న్యాయంగా చూస్తే అందులో ఒక్క తప్పు మాట లేదు. నా సంతకం రద్దయింది. నన్ను ఆ బాధ్యతల నుంచి తప్పించారు. ఆ రాత్రి హైమావతి పాయసం చేసింది.

ఈసారి జిల్లా వాళ్ళు, నియామకం శాశ్వత ప్రాతిపదికన, ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ జరిపి చెయ్యాలన్నారు. అర్హతలు రాసే పని కమిషనర్ గారిది. కోటిలింగం గారు పక్కనే కూర్చుని సహకరించారు. అభ్యర్థికి పట్టణంలో ఇరవై ఏళ్ళ నివాసం ఉండాలన్నారు. చైర్‌పర్సన్ తరఫున ఆవిణ్ణి అడగకుండానే నిర్ణయాలు తీసుకోగల సామర్థ్యం ఉండాలన్నారు. ఏ వేళలోనైనా చైర్‌పర్సన్ సంతకం తేగల చనువు ఉండాలన్నారు. చివర్లో పైవాళ్ళకు బాగుంటుందని, మహిళా సమస్యల పట్ల అవగాహన కూడా ఉండాలని నేనే చేర్చాను. అభ్యర్థి మగవాడా ఆడదా అన్న గడి ఫారంలో పెట్టలేదు. భర్త పోస్టుకు ఆ ప్రశ్నేమిటని ఎవరికీ తోచలేదు.

రెండే దరఖాస్తులు వచ్చాయి. ఒకటి కోటిలింగం గారిది. ఆయన ఇదివరకే వేరొక చోట భర్తగా ఉన్న సంగతి అడిగే గడి ఫారంలో లేదు. రెండోదాని మీద నూతక్కి కుసుమకుమారి అని ఉంది.

కమిషనర్ గారు ఆ దరఖాస్తును అటూ ఇటూ తిప్పి చూశారు. "దీన్ని తిరస్కరించవయ్యా" అన్నారు. ఏ కారణంతో తిరస్కరించాలో మీరే చెప్పండి సార్ అన్నాను. అన్ని గడులూ నిండి ఉన్నాయి, ధ్రువపత్రాలు జత చేసి ఉన్నాయి. గడులన్నీ నిండిన దరఖాస్తును తిరస్కరించే అలవాటు నాకు లేదు. నా మాట నాకే కొత్తగా వినిపించింది. కమిషనర్ గారు నావైపు అదోలా చూసి, సరే పిలవమన్నారు.

ఇంటర్వ్యూ రోజున వరండా అంతా జనం. విశ్రాంతి మందిరంలోంచి సభ్యురాళ్ళు కూడా టీవీ ఆపేసి వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. ముందు కోటిలింగం గారిని పిలిచాం. తెల్లచొక్కా, మల్లెపూవులాంటి పంచె.

"చైర్‌పర్సన్ గారు మీకు ఎంతకాలంగా తెలుసు?" అన్నారు కమిషనర్ గారు.

"ఆవిడెవరో నాకు తెలవాల్సిన పనేముందండీ? మా ఆవిడ చైర్‌పర్సన్‌గా చేసిన ఐదేళ్ళూ ఆవిడకే తెలవకుండా నడిపించా. అదీ ఎక్స్‌పీరియన్సంటే."

"ఈవిడ సంతకం మీరు తేగలరా?"

కోటిలింగం గారు వరండా వైపు చూశారు. కుసుమకుమారి గారు చేతులు కట్టుకుని ఆయన్నే చూస్తున్నారు. "ప్రయత్నిస్తానండీ" అన్నారు, మొదటిసారి గొంతు తగ్గించి.

తర్వాత ఆవిడ వచ్చి కూర్చున్నారు.

"చైర్‌పర్సన్ గారు మీకు ఎంతకాలంగా తెలుసు?"

"నలభై తొమ్మిదేళ్ళుగా అండీ."

"ఆవిడ మీ మాట వింటారా?"

"ఎక్కువగా వింటుంది. ఉప్పు తగ్గించమంటే మాత్రం వినదు."

"ఆవిణ్ణి అడగకుండా మీరు నిర్ణయం తీసుకుంటే ఆవిడ అభ్యంతరం చెబుతారా?"

"చెప్పదండీ. హామీ రాసిస్తాను."

"ఆవిడ సంతకం ఎంతసేపట్లో తేగలరు?"

ఆవిడ పెన్ను తీసి బల్ల మీదున్న కాగితం మీద సంతకం పెట్టి చూపించారు. కిటికీల దగ్గర ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. ఇంకెవరో తోడయ్యారు. కోటిలింగం గారు "ఇది అన్యాయం" అని అరిచారు. మార్కులు నేనే వేశాను. కోటిలింగం గారికి వందకు నలభై ఒకటి వచ్చాయి. ఆవిడకు వందకు వంద. తొంభై వేసినా చాలేదిగాని, ఆ రోజు నా చెయ్యి ఎందుకో ధారాళంగా ఆడింది.

మర్నాడు పదిన్నరకు నూతక్కి కుసుమకుమారి గారు చైర్‌పర్సన్ గారి భర్తగా బాధ్యతలు స్వీకరించారు. మనిషి అదే, స్కూటీ అదే. గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. ఇంజనీరు పరిగెత్తుకుంటూ వచ్చి సంచి అందుకున్నాడు. కమిషనర్ గారు మెట్ల దాకా దిగి వచ్చి ఈసారి తడుముకోకుండా దండ వేసి, "రండి సార్, రండి" అన్నారు. ఆవిడ సరిదిద్దలేదు. పెద్ద కుర్చీలో కూర్చుని ఐదో గడిలో సంతకం పెట్టారు. ఆరో గడిలోనూ పెట్టారు. రెండూ కలిపి అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం కోసం మార్కెట్‌లో నూట ఎనభై మంది నాలుగు నెలలు నోళ్ళు కట్టుకుని కూర్చున్నారు. వారం తిరక్కుండా పునాదులు తవ్వారు.

కోటిలింగం గారు ఊరుకునే మనిషి కాదు. ఒకే వ్యక్తి రెండు పదవులు నిర్వహించరాదని మళ్ళీ ఫిర్యాదు పెట్టారు. అదీ న్యాయమే. ఏడు రోజుల్లోగా ఒక పదవికి రాజీనామా చెయ్యాలని ఆవిడకు నోటీసు ఇచ్చాం. ఆవిడ దేన్ని వదులుకుంటారో ఊరందరికీ తెలుసు. కోటిలింగం గారు కొత్త పంచె కూడా కొనుక్కున్నారు.

ఏడో రోజు సాయంత్రం ఆవిడ రాజీనామా పత్రం నా బల్ల మీద పెట్టారు. చదివి ఉలిక్కిపడ్డాను.

"మేడమ్, పొరపాటున చైర్‌పర్సన్ పదవికి రాసేశారు!"

"పొరపాటు కాదండీ."

"అయ్యో, అది ఎన్నికల్లో గెలిచిన పదవి. ఇదేమిటి? నేను నాలుగు రోజులు చేసిన ఉద్యోగం!"

ఆవిడ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడిచారు. అద్దాలతో పాటు కళ్ళు కూడా తుడుచుకోవటం చూశాను.

"ఇల్లిల్లూ తిరిగాను సదాశివరావు గారూ. కాళ్ళు వాచిపోయాయి. గెలిచిన రోజు మా అమ్మ ఫోటో ముందు కూర్చుని ఏడ్చాను, సంతోషానికి. ఆ పదవిలో నాలుగు నెలలుండి మార్కెట్‌లో ఒక్క ఇటుక పెట్టించలేకపోయాను. ఇందులోకి వచ్చి వారంలో పునాది తవ్వించాను. బాధగా లేదంటే అబద్ధం. కానీ నాకు ఆ దొడ్లు కావాలి. ఇంకా కాలవలున్నాయి, వీధి లైట్లున్నాయి. ఏది వదులుకోమంటారు, మీరే చెప్పండి."

నియమావళి ప్రకారం నాకు అభిప్రాయం ఉండకూడదు. ముద్ర వేసి తీసుకున్నాను.

చైర్‌పర్సన్ పదవి ఆ రోజు నుంచి ఖాళీ. పనులకేమీ లోటు రాలేదు. ఆరో గడి దగ్గర ఇబ్బంది వస్తుందేమోనని ముందు భయపడ్డాను గాని, చైర్‌పర్సన్ అందుబాటులో లేనప్పుడు ఆ సంతకం భర్తగారే పెట్టటం మా ఆఫీసులో మొదటి నుంచీ ఉన్న ఆచారం. ఆ పదవి ఎంతకాలంగా ఖాళీగా ఉందో, దానివల్ల ఏ పనులు ఆగాయో తెలపమని జిల్లా నుంచి ఒకసారి అడిగారు. ఏమీ ఆగలేదని రాశాను. వాళ్ళు మళ్ళీ అడగలేదు.

మూడు నెలలకు మరుగుదొడ్లు పూర్తయ్యాయి. నీళ్ళ ట్యాంకు, గడియలున్న తలుపులు, లోపల లైట్లు. ప్రారంభానికి నేనూ వెళ్ళాను. రిబ్బను కత్తిరించాక ముందు మస్తానమ్మను లోపలికి పంపారు. ఆవిడ బయటికొచ్చి పంపు దగ్గర మొహం కడుక్కుని, ఒక చెంబుడు నీళ్ళు అందరి ఎదుటా గటగటా తాగింది. కుసుమకుమారి గారు మొహం పక్కకు తిప్పుకున్నారు.

మస్తానమ్మ మూతి తుడుచుకుంటూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నర్సమ్మా, ఛైర్మన్ పని మానేశావంటగా? ఇంక మా గోడు ఎవురు ఇంటారమ్మా?"

"నేనే వింటాను మస్తానమ్మా. ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు చైర్‌పర్సన్ భర్త పదవిలో ఉన్నాను."

మస్తానమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గుండెల మీద చెయ్యి వేసుకుని హమ్మయ్య అంది.

"అట్టా జెప్పు తల్లీ! అందుకేగా పనయ్యింది. మా మనవరాలు డిగ్రీ చదివింది, ఈసారి మెంబరుగా నిలబడతానని ఒకటే గోల. దానికి నువ్వన్నా గట్టిగా జెప్పమ్మా. మెంబరుగిరీ దేనికంట? ఈ మొగుడుద్యోగం ఎక్కడన్నా కాళీ ఉంటే చూడు."